స్టెయిన్‌లెస్ బోల్టులు పట్టుకోలేనంత వేడిగా పడుతున్నాయి, తలల మీద పగుళ్లు. స్పీడు పెంచడమే కారణమా?

#1 గాజువాక_ఫాస్టెనర్
విశాఖ ఆటోనగర్‌లో నాలుగు డైల (అచ్చుల) బోల్ట్ ఫార్మర్, అంటే చల్లటి వైరు ముక్కని అణిచి బోల్టు చేసే మెషిను. ఎం8 హెక్స్ బోల్టు, షాంకు (తల కింది కాడ) 40 మి.మీ., 304 స్టెయిన్‌లెస్, 7.1 మి.మీ. వైరు. ఫిషింగ్ హార్బర్ బోట్ల ఆర్డరు. నిమిషానికి 60 కొట్టినంతకాలం గొడవ లేదు. 120కి పెంచాక బిన్‌లో పడ్డ బోల్టు ముట్టుకుంటే చెయ్యి కాలుతోంది, ఆయిల్ పొగలు కక్కుతోంది, కొన్ని తలల మీద పగుళ్లు. ఆయిల్ బ్రాండు మార్చినా అంతే. పొయ్యి లేదు, మంట లేదు, చల్లటి వైరే లోపలికి వెళ్తోంది. ఇంత వేడి ఎక్కణ్ణుంచి పుడుతోంది? రాపిడి వల్లే అయితే ఇంకా చిక్కటి ఆయిల్ వెయ్యాలా?

#2 స్పానర్_మర్రిపాలెం
రాపిడే, ఇంకేముంటుంది. డైలో ఇరికించి తోస్తున్నావు, వేడెక్కదా? స్టెయిన్‌లెస్‌కి క్లోరినేటెడ్ ఆయిల్ వేసి చూడు.

#3 ధాతువు_ఎంవీపీ
రాపిడి వాటా ఉంది కానీ చిన్నది. అసలు వేడి తల లోపలే పుడుతోంది. లోహాన్ని శాశ్వతంగా వంచినా, సాగదీసినా, అణిచినా మనం పెట్టే పనిలో దాదాపు 90 శాతం అక్కడికక్కడే వేడిగా మారుతుంది. లెక్క కూడా తేలికే (స్ట్రెస్ అంటే లోహం చదరపు మి.మీ.కి ఎంత బలంతో ఎదురుతిరుగుతుందో, స్ట్రెయిన్ అంటే ఆకారం ఎంత మారిందో):

టెంపరేచర్ పెరుగుదల = 0.9 × సగటు స్ట్రెస్ × స్ట్రెయిన్ ÷ (సాంద్రత × విశిష్టోష్ణం)

మీ బోల్టుకే వేద్దాం. తల 13 మి.మీ. హెక్స్, ఎత్తు 5.3 మి.మీ. ఘనపరిమాణం సుమారు 776 ఘన మి.మీ. 7.1 వైరు అడ్డుకోత 39.6 చదరపు మి.మీ. అంటే 19.6 మి.మీ. వైరుని 5.3కి అణుస్తున్నారు. స్ట్రెయిన్ (ఆ రెండు పొడవుల నిష్పత్తికి సహజ లాగరిథమ్) 1.3. అంత దూరం అణిచేటప్పుడు 304 సగటున 1000 ఎంపీఏ (చదరపు మి.మీ.కి 1000 న్యూటన్లు) పైనే ఎదురుతిరుగుతుంది. గుణిస్తే ఘన మి.మీ.కి 1.35 జౌళ్ల పని, అందులో వేడి 1.2. స్టెయిన్‌లెస్‌లో ఘన మి.మీ.ని ఒక డిగ్రీ పెంచడానికి 0.004 జౌళ్లు చాలు. తల సగటున 300 డిగ్రీలు పెరుగుతుంది.

మైల్డ్ స్టీలు అయితే సగటు స్ట్రెస్ 600 వేసుకోండి, 190 దగ్గర ఆగుతుంది. అదే మెషిను, అదే డై, అదే ఆయిల్. స్టెయిన్‌లెస్‌కే ఎందుకు పొగ వస్తుందో ఇందులోనే ఉంది.

#4 గాజువాక_ఫాస్టెనర్
300 ఎక్కువ చెప్తున్నారేమో సార్. బిన్‌లో అంత లేదు. నీళ్ల చుక్క వేస్తే సుయ్‌మంటుంది, అంతే.

#5 ధాతువు_ఎంవీపీ
300 పెరిగేది తల ఒక్కటే. షాంకు దాదాపు చల్లగానే ఉంటుంది. బిన్‌లో పడ్డాక మెల్లగా తల వేడి షాంకులోకి పాకుతుంది. తల 776, షాంకు 1584, మొత్తం 2360 ఘన మి.మీ. అంతటా సర్దుకుంటే పెరుగుదల 100 దగ్గరికి దిగుతుంది. షెడ్డులో 35 ఉంటే బోల్టు 130 చుట్టూ ఉంటుంది, డైలకి కొంత పోతుంది కాబట్టి ఇంకాస్త తక్కువ. నీళ్లు సుయ్‌మనడానికి అది చాలు.

#6 స్పానర్_మర్రిపాలెం
లెక్కలు బాగున్నాయి గానీ ఏదీ దేన్నీ రాసుకోకుండా లోపల వేడి ఎలా పుడుతుంది?

#7 కొలిమి_అనకాపల్లి
#6కి: 3 మి.మీ. జీఐ తీగ తీసుకో. ఒకేచోట అటూ ఇటూ గబగబా వంచు, తెగకముందే వంపు మీద వేలు పెట్టు. అక్కడ డై లేదు, ఆయిల్ లేదు, దేనికీ రాసుకోలేదు. వేలు చురుక్కుమంటుంది.

ఇంకా గట్టి రుజువు కావాలంటే పాత కమ్మరి పని ఉంది. 6 మి.మీ. మెత్తటి ఇనుప చువ్వ కొసని దాగలి మీద పెట్టి, దెబ్బ దెబ్బకీ పావు చుట్టు తిప్పుతూ కొడతారు. కొస ఎర్రబారి, ఎండుపీచు అంటుకునేంత కాగుతుంది. కిలో సుత్తి సెకనుకి 7 మీటర్ల వేగంతో దిగితే 24 జౌళ్లు. అందులో 15 చువ్వలోకి పోయిందనుకో, కొస సెంటీమీటరు ముక్క రెండు గ్రాముల పైచిలుకు, దెబ్బకి 14 డిగ్రీలు. ఆపకుండా కొడితేనే పని. మధ్యలో ఊపిరి తీసుకుంటే వేడంతా చువ్వలోకి, దాగలిలోకి పారిపోతుంది. కళ్లద్దాలు పెట్టుకో, గట్టిపడిన కొస పెచ్చులు ఎగురుతాయి.

#8 మెటలర్జీ_మూడో_ఏడాది
#6కి: లోపల జరిగేది డిస్లొకేషన్ల (స్ఫటికంలో పరమాణువుల వరస తప్పిన చోట్ల) కదలిక. స్ఫటికంలో పొరలు ఒకదాని మీద ఒకటి జారతాయి, డిస్లొకేషన్లు కదిలినచోటల్లా పరమాణువులు కంపిస్తాయి, ఆ కంపనమే వేడి. నా డౌటు వేరే: మిగిలిన 10 శాతం ఎటు పోతుంది?

#9 ధాతువు_ఎంవీపీ
లోహంలోనే దాక్కుంటుంది. కొత్తగా పుట్టిన డిస్లొకేషన్ల చుట్టూ జాలకం (పరమాణువుల అల్లిక) వంకర్లు పోయి ఉంటుంది కదా, ఆ వంకర్లలో. కోల్డ్ వర్క్ చేసిన (చల్లగా వంచిన, అణిచిన) ముక్క గట్టిగా ఉండటానికీ అదే కారణం, అనీల్ చేస్తే (బాగా కాచి చల్లారిస్తే) ఆ దాచుకున్నది బయటికి వస్తుంది. దీన్ని కొలిచింది జి.ఐ. టేలర్. 1925లో ఫారెన్‌తో, 1934లో క్విన్నీతో. ఆ 0.9ని ఇప్పటికీ టేలర్-క్విన్నీ గుణకం అనే పిలుస్తారు.

#10 వేగం_విజయనగరం
0.9ని శిలాశాసనం చేసుకోవద్దు. లోహాన్ని బట్టి మారుతుంది, స్ట్రెయిన్‌ని బట్టి మారుతుంది, మొదట్లో చాలా తక్కువ ఉండొచ్చు. బోల్టు తలలాంటి పెద్ద స్ట్రెయిన్‌కి పని జరుగుతుంది, 5 శాతం స్ట్రెయిన్‌కి నమ్మలేం.

#11 గాజువాక_ఫాస్టెనర్
సరే, రాపిడి కాదని ఒప్పుకున్నా. మరి 60లో రాని వేడి 120లో ఎందుకొచ్చింది? స్పీడు రెట్టింపు చేస్తే వేడీ రెట్టింపా?

#12 ధాతువు_ఎంవీపీ
చాలామంది జారేది ఇక్కడే. ఒక్కో బోల్టులో పుట్టే వేడి దాదాపు అంతే. 60 కొట్టినా, 120 కొట్టినా తలకి 940 జౌళ్ల చుట్టూనే. అదే 304ని అదే ఆకారానికి హైడ్రాలిక్ ప్రెస్‌లో ఐదు నిమిషాలు నొక్కినా పుట్టే వేడి ఇంచుమించు ఇంతే, పుట్టినది పుట్టినట్టే జారిపోతుంది కాబట్టి చేతికి తెలియదు. వేగం చేసే పని ఒక్కటే, వేడికి పారిపోయే టైము ఇవ్వకపోవడం.

టైము ఎంతో అంచనా వెయ్యొచ్చు. వేడి ప్రయాణించాల్సిన దూరాన్ని వర్గం చేసి, ఆ లోహపు ఉష్ణ వ్యాపనంతో భాగించాలి. 304కి వ్యాపనం సెకనుకి 4 చదరపు మి.మీ., మైల్డ్ స్టీలుకి 13 పైన, రాగికి 110 పైన. మీ తలలో సగం వెడల్పు 6.5 మి.మీ. వర్గం 42, నాలుగుతో భాగిస్తే 10 సెకన్లు. దెబ్బ పట్టేది సెకనులో చిన్న ముక్క. నాలుగు డైలూ దాటడానికి 60లో మూడు నాలుగు సెకన్లు, 120లో అందులో సగం. అంటే 60లోనే వేడి తల లోపల చిక్కుకుపోయింది. 120 వల్ల బోల్టు కొత్తగా వేడెక్కడానికి మిగిలింది పెద్దగా లేదు.

మారింది మెషిను. 60లో నిమిషానికి 60 × 940 జౌళ్లు, అంటే 940 వాట్లు. 120లో 1.9 కిలోవాట్లు. దాన్లో కొంత బోల్టుతో బయటికి పోతుంది, మిగతాది పంచ్‌లోకి (తలని కొట్టే పనిముట్టులోకి), డైలోకి, ఆయిల్లోకి. ఆయిల్ ట్యాంకు టెంపరేచర్ చూశారా?

#13 స్పానర్_మర్రిపాలెం
జగదాంబ జంక్షన్‌లో సాయంత్రం ఆరింటికి బళ్లు వచ్చినంత వేగంగా బయటికి పోవు, అదే కదా సార్? ఇప్పుడెక్కింది బుర్రకి.

#14 ధాతువు_ఎంవీపీ
అదే. స్టెయిన్‌లెస్ ఇరుకు సందు, రాగి నాలుగు లైన్ల రోడ్డు.

#15 వేగం_విజయనగరం
ఒక్కమాట. వేగం పెరిగితే లోహం బలం కూడా పెరుగుతుంది, దానివల్ల పని పెరుగుతుంది, వేడి పెరుగుతుంది. దాన్ని వదిలేశారు.

#16 ధాతువు_ఎంవీపీ
కావాలనే వదిలేశా. గది టెంపరేచర్ దగ్గర స్టీళ్లకి ఆ సున్నితత్వం 0.01 చుట్టూ. వేగం రెట్టింపైతే బలం ఒక శాతం లోపు పెరుగుతుంది. వెయ్యి రెట్లు పెంచితే ఏడు శాతం. ప్రెస్‌కీ తుపాకీ గుండుకీ మధ్య పోలిక అయితే లెక్కలోకి తీసుకోవాలి, 60కీ 120కీ మధ్య అవసరం లేదు.

#17 టూల్‌రూమ్_ఆటోనగర్
సిద్ధాంతం అయ్యింది, పగుళ్ల సంగతి చూద్దాం. మూడు ప్రశ్నలు.
పగులు బోల్టు పొడవు వెంబడి నిట్టనిలువుగా ఉందా, తల అంచు మీద 45 డిగ్రీల వాలులో ఉందా? నిలువుది వైరులోంచి వచ్చిన సీమ్ (వైరు మీద ముందే ఉన్న పొడవాటి చీలిక), మెషినుని తిట్టి లాభం లేదు. వాలుది షియర్ పగులు (పొరలు అడ్డంగా జారి చిరిగినది), ఇక్కడే పుట్టింది.
పొద్దున్న స్టార్ట్ చేసిన మొదటి బోల్టుల్లో వస్తోందా, గంట నడిచాక వస్తోందా?
తల కింద వాషర్ ముఖం (వాషర్‌కి ఆనే భాగం) మీద గీతలున్నాయా?

#18 గాజువాక_ఫాస్టెనర్
45 వాలు, కొన్నిట్లో ఒకదాన్నొకటి కోసుకున్నట్టు రెండు. గంటన్నర నడిచాక మొదలవుతోంది, మొదటి బోల్టులు శుభ్రంగా ఉన్నాయి. గీతలు ఉన్నాయి. ట్యాంకులో థర్మామీటర్ పెడితే 71.

#19 టూల్‌రూమ్_ఆటోనగర్
దొరికింది. 71లో ఆయిల్ నీళ్లయిపోయి పొర తెగుతోంది. స్టెయిన్‌లెస్ డైకి ముద్దముద్దగా అంటుకుంటోంది, గీతలు దానివే. అలా అంటుకున్నాక తల పైముఖం, కింది ముఖం జారలేవు, మధ్యభాగం పీపాలా ఉబ్బుతుంది. ఆ ఉబ్బు చుట్టుకొలత వెంట లాగుడు పెరిగి 45లో చిరుగుతుంది.

కాబట్టి #2 పూర్తిగా తప్పు కాదు. రాపిడి వేడిని పెద్దగా పుట్టించట్లేదు, కానీ పగులుని పుట్టిస్తోంది. వేడి ఆయిల్‌ని చంపింది, చచ్చిన ఆయిల్ తలని చింపింది.

చెయ్యాల్సింది వరుసగా: ఆయిల్ ట్యాంకుకి కూలర్, 50 దాటనివ్వొద్దు. రెండు కిలోవాట్ల దాకా వేడిని మోసుకుపోవాలి, ఎండాకాలం షెడ్డులో గాలి 38 ఉంటుంది కాబట్టి ఫ్యాను రేడియేటర్ అయితే పెద్ద సైజు తీసుకో, నీళ్ల ప్లేట్ కూలర్ అయితే చిన్నది చాలు. ఆయిల్ జెట్ తల మీద కాదు, పంచ్ ముఖం మీదా డై నోటి మీదా పడాలి, వేడి నిలిచేది అక్కడ. అంటుకున్న ముద్దల్ని ఎమెరీతో గీకొద్దు, డైమండ్ పేస్టుతో లోహం పారే దిశలోనే పాలిష్ పట్టు. వైరు మీద కోటింగ్ ఉందో లేదో సప్లయర్‌ని అడుగు. మెరిసే వట్టి వైరు అయితే 304కి ఏ ఆయిలూ నిలవదు, ఆక్సలేట్-సబ్బు కోటింగో రాగి కోటింగో ఉన్నది తీసుకో. మొదటి దెబ్బలో వైరుని కొంతవరకే పోగుచేసే కోన్ (శంకువు) ఆకారం చూసుకో. 19.6 మి.మీ. అంటే వైరు వ్యాసానికి 2.75 రెట్లు, ఒక్క దెబ్బకి 2.3 దాటితే వైరు ఒరిగిపోతుంది. కోన్ అరిగితే మొదటి దెబ్బే వంకర పడుతుంది.

#20 మెటలర్జీ_మూడో_ఏడాది
ఆయిల్‌ని చల్లబరచండి, వైరుని మాత్రం వద్దు! 304కి వేడి మంచిదే. చల్లగా కొడితే ఆస్టెనైట్ (304లో మామూలుగా ఉండే, అయస్కాంతానికి అంటని అమరిక) కొంత మార్టెన్‌సైట్‌గా (గట్టి, అయస్కాంతానికి అంటే అమరికగా) మారి రాయవుతుంది. మొదటి బోల్టు తలకీ, గంట తర్వాతి బోల్టు తలకీ అయస్కాంతం పెట్టి చూడండి. మొదటిది ఎక్కువ పట్టుకుంటుంది.

#21 ధాతువు_ఎంవీపీ
బాగా పట్టుకున్నావు. అందుకే కష్టమైన తలలకి వైరుని ఇండక్షన్ కాయిల్లోంచి 150-250 డిగ్రీలకి కాచి పంపుతారు. లేదంటే గ్రేడు మార్చడం సులువు: 302హెచ్‌క్యూ అడగండి. 3-4 శాతం రాగి కలుపుతారు, తక్కువ గట్టిపడుతుంది, సగటు స్ట్రెస్ తగ్గుతుంది, ఆ మేరకు వేడీ తగ్గుతుంది. ఉప్పుగాలికి 304తో సమానంగానే నిలబడుతుంది. బోటు మీద నీటి అంచున ఉండే బోల్టులైతే 316 అడగటం నయం.

#22 యూటీఎం_పెందుర్తి
ల్యాబ్ వైపు నుంచి. 304 టెన్సైల్ (లాగి తెంపే పరీక్ష) ముక్కని తొందరగా లాగితే ముక్క వేడెక్కి మార్టెన్‌సైట్ తగ్గుతుంది, సాగుడు శాతం, గరిష్ఠ బలం రెండూ తక్కువ వస్తాయి. ఒకే కాయిల్‌కి రెండు ల్యాబులు వేర్వేరు అంకెలిస్తే ముందు లాగిన స్పీడు అడగండి.

ఇంకోటి. ఈల్డ్ (శాశ్వతంగా సాగడం మొదలయ్యే హద్దు) దాటేదాకా ముక్క వేడెక్కదు, చల్లబడుతుంది. స్టీలులో 100 ఎంపీఏకి 0.1 డిగ్రీ చొప్పున. సన్నటి థర్మోకపుల్ అతికిస్తే ఆ దిగుడు, ఈల్డ్ దగ్గర మలుపు, తర్వాత ఎక్కుడు స్పష్టంగా కనిపిస్తాయి. టీఎంటీ రాడ్డు తెగిన వెంటనే నెక్ (తెగేముందు సన్నబడిన చోటు) దగ్గర పట్టుకోవద్దని కొత్త కుర్రాళ్లకి చెప్పండి, మిగతా రాడ్డంతా గోరువెచ్చగా ఉండి అక్కడ మాత్రం కాలుతుంది.

#23 స్పానర్_మర్రిపాలెం
లాగితే చల్లబడటమా!

#24 యూటీఎం_పెందుర్తి
వదిలేస్తే మళ్లీ పాత పొడవుకే వచ్చే హద్దులో ఉన్నంతసేపు, అవును. వాయువు వ్యాకోచిస్తే చల్లబడినట్టే. వదిలేస్తే మళ్లీ అంతే వేడెక్కి మామూలుకొస్తుంది. శాశ్వతంగా సాగినప్పటి వేడి వెనక్కి రాదు.

#25 తీగపని_పరవాడ
వైర్ డ్రాయింగ్‌లో ఇదే రోజువారీ గోల. 5.5 వైర్ రాడ్డుని 5.0కి లాగితే స్ట్రెయిన్ 0.19. మైల్డ్ స్టీలుకి లెక్క ప్రకారం 28 డిగ్రీలు, డై రాపిడీ కోణం వల్ల వృథా పనీ కలిపితే 40-60. ఒక్క పాస్‌కి ఏమీ కాదు. ఎనిమిది పాస్‌లు వరసగా, బ్లాకు (తీగని లాగి చుట్టుకునే డ్రమ్ము) లోపల నీళ్లు సరిగ్గా తిరగకపోతే పేరుకుంటూ పోతుంది. హై కార్బన్ తీగ 180-200 దాటితే స్ట్రెయిన్ ఏజింగ్ (వేడికి కార్బన్ డిస్లొకేషన్లని బిగించెయ్యడం) మొదలై పెళుసెక్కుతుంది, మెలితిప్పే పరీక్షలో నిలువునా చీలుతుంది. బ్లాకు లోపల గార కట్టిందేమో ముందు చూడండి. బోరు నీళ్లయితే అదే మొదటి ముద్దాయి.

#26 మిల్లు_ఉక్కునగరం
వేడి స్టీలులోనూ ఇదే. వైర్ రాడ్ మిల్లులో రాడ్డు రఫింగ్‌లో (మొదటి మోటు అణుపుల్లో) చల్లబడుతూ వస్తుంది, చివరి ఫినిషింగ్ బ్లాకులో మాత్రం తిరిగి వేడెక్కుతుంది. పది స్టాండ్లు (రోలర్ల జతలు), స్ట్రెయిన్ మొత్తం 2, స్ట్రెస్ 180 ఎంపీఏ అనుకున్నా 70 డిగ్రీల పైన. మధ్యలో చల్లారే టైమే ఉండదు. అందుకే బ్లాకు ముందూ వెనకా వాటర్ బాక్సులు. బ్లాకు స్పీడు పెంచి నీళ్లు పెంచకపోతే గ్రెయిన్ (స్టీలు లోపలి స్ఫటిక రేణువు) ముతకబడుతుంది.

#27 లేత్_కంచరపాలెం
లేత్ మీద చిప్ (కోసినప్పుడు లేచే లోహపు చుట్ట) నీలంగా రావడం కూడా ఇదేనా?

#28 వేగం_విజయనగరం
ఇదే, ఇంకా తీవ్రంగా. టూలు ముందు షియర్ జరిగే పొర చాలా సన్నం, స్ట్రెయిన్ 2 నుంచి 4, టైము మిల్లీసెకను లోపు. స్పీడు ఎక్కువైతే వేడిలో ఎక్కువ భాగం చిప్‌తోనే పోతుంది, అది మంచిదే. మైల్డ్ స్టీలులో నీలం రంగు 300 దగ్గర. ఆ పట్టిక స్టెయిన్‌లెస్‌కి పనికిరాదు, దానికి 300 దగ్గర లేత పసుపే, నీలం రావాలంటే 500 దాటాలి.

304కి 10 మి.మీ. డ్రిల్లు వేసేటప్పుడు హెచ్ఎస్ఎస్ (హై స్పీడ్ స్టీలు) డ్రిల్లు అయితే 380 ఆర్పీఎం చుట్టూ, ఫీడు చుట్టుకి 0.15 మి.మీ. భయపడి ఫీడు తగ్గిస్తే డ్రిల్లు కొయ్యదు, రుద్దుతుంది. కింది పొర గట్టిపడి డ్రిల్లు ముక్కు మాడిపోతుంది.

#29 మెటలర్జీ_మూడో_ఏడాది
అడియబాటిక్ షియర్ బ్యాండు (వేడి బయటికి పోలేక సన్నటి గీత మీదే లోహం జారిపోవడం) గురించి ఎవరూ చెప్పలేదు.

#30 వేగం_విజయనగరం
#18లో ఒకదాన్నొకటి కోసుకునే గీతలు అన్నప్పుడు నాకూ అదే తట్టింది. లోహం వంగితే గట్టిపడుతుంది, వేడెక్కితే మెత్తబడుతుంది. మెత్తబడటం గెలిస్తే ఆ సన్నటి గీత మీదే మిగతా స్ట్రెయిన్ అంతా పోగవుతుంది, ఇంకా వేడి, ఇంకా మెత్తన. 1878లో ట్రెస్కా ఎర్రబారడానికి కాస్త ముందున్న ప్లాటినం మిశ్రమం కడ్డీని ఆవిరి సుత్తితో కొడితే కడ్డీ మీద ఎక్స్ ఆకారంలో వెలుగు గీతలు కనిపించాయి. 1944లో జీనర్, హోలోమన్ స్టీలు ప్లేటుకి పంచ్‌తో రంధ్రం కొట్టినచోట తెల్ల పట్టీ చూపించి ఈ వివరణ ఇచ్చారు. టైటానియం మిశ్రమాలు దీనికి బాగా లొంగుతాయి, వేడిని అసలు వదలవు కాబట్టి. 304 బాగా గట్టిపడే రకం, ఈ వేగంలో బ్యాండు రావడం కష్టం. #19 చెప్పినదే సరి.

#31 గాజువాక_ఫాస్టెనర్
కూలర్ ఆర్డరు పెట్టాం. ఈలోగా ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో బోల్టు చూస్తే 58 అంటోంది. లెక్క 130 అంటోంది. ఎవరు తప్పు?

#32 యూటీఎం_పెందుర్తి
గన్ తప్పు. సెట్టింగు 0.95లో ఉంటుంది, మెరిసే స్టెయిన్‌లెస్ ఉద్గారత (వేడిని కిరణాలుగా వదిలే గుణం) 0.1-0.3. షెడ్డు కప్పు ప్రతిబింబాన్ని కొలుస్తున్నావు. నల్ల మ్యాట్ పెయింటు వేసిన చోట కొలవాలి, పడుతున్న బోల్టుకి అది కుదరదు.

థర్మాస్ ఫ్లాస్కు తీసుకో. అర లీటరు నీళ్లు, టెంపరేచర్ రాసుకో. మెషిను నోటి దగ్గర వరసగా పడే 20 బోల్టుల్ని నేరుగా అందులోకి పట్టు, మూత పెట్టి కలిపి మళ్లీ చూడు. 20 బోల్టులు 378 గ్రాములు, డిగ్రీకి 189 జౌళ్లు. నీళ్లు డిగ్రీకి 2093. నీళ్లు పెరిగిన డిగ్రీల్ని 11తో గుణించి, చివరి నీటి టెంపరేచర్‌కి కలుపు. 30 నుంచి 38కి పెరిగితే 8 × 11 = 88, ప్లస్ 38, అంటే బోల్టు 126.

బోల్టులకి అంటిన ఆయిల్ వల్ల కొద్దిగా తేడా వస్తుంది, పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. 60లో ఒకసారి, 120లో ఒకసారి పట్టు. రెండింటికీ పది పదిహేను డిగ్రీల కన్నా ఎక్కువ తేడా ఉంటే డై వేడి బోల్టులోకి తిరిగి ఎక్కుతోందని అర్థం, అప్పుడు కూలర్ ఒక్కటే సరిపోదు, జెట్లు కూడా పెంచాలి.